కూలర్ నడిచే గదిల జోర్డాన్‌లు: సోల్ పొడి కాకుండ ఎట్ల దాచాలె?

గడియారం_సెంటర్_09
నైకీ జోర్డాన్ అసొంటి బూట్లు మొత్తం 14 జతలు. నల్లగొండల రెండో అంతస్తు ఇల్లు, పైన స్లాబే. జతకో ప్లాస్టిక్ మూత డబ్బా, అన్ని సజ్జ మీద పేర్చి ఉన్నయి. బూట్లతోని వచ్చిన, తేమ పీల్చే చిన్న సిలికా పొట్లం తప్ప డబ్బాల ఇంకేం లేదు. ఎండకాలం పొద్దుందాక ఆ గదిల కూలర్ నడుస్తది. వానకాలం కిటికీలు మూసే ఉంటయి.

ఇప్పుడు తీసి చూస్తే మూడు తిప్పలు. జోర్డాన్ 4 బ్రెడ్, 2012 రిట్రో (పాత మోడలే మళ్ల తెచ్చింది): మడమ దగ్గర గాలి సంచి కనపడే కిటికీ పైన వెంట్రుకంత పగులు. జోర్డాన్ 11 కాంకర్డ్, 2018ది: గాజు లెక్క ఉండే అడుగు పసుపు తిరిగింది. నల్ల స్వెడ్ (నూగు తోలు) జత మీద తెల్లటి పొడి.

4 పని అయిపోయినట్టేనా? మిగతావి ఎట్ల కాపాడుకోవాలె? సిలికా ఎక్కువ వెయ్యమని ఒకరు, అసలే వద్దని ఒకరు. లెక్కతోని చెప్పండి.

పాలమూరు_సోల్స్
ముందుగాల డబ్బాలు సజ్జ మీంచి దించు తమ్మి. మిగిలిన ముచ్చట తర్వాత. రోహిణి కార్తెల రోళ్లే పగుల్తయంటరు, స్లాబుకు మూరెడు కింద ఉన్న సోల్ ఎంత? వేడి గాలంత పైకే పోతది. గదిల అన్నింటికన్న వేడి జాగ సజ్జనే.

దేవరకొండ_డంక్
సజ్జ కన్న కూలర్ పెద్ద దొంగ. దాని గురించి ఎవరన్న వివరంగ రాయండి. మన దిక్కు అందరు వానకాలానికే భయపడ్తరు.

పీయూ_పరీక్ష
డంక్ చెప్పింది నిజం. కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి.

జోర్డాన్ 3, 4, 5, 6, పాత ఎయిర్ మాక్స్‌లు, వీటి మిడ్‌సోల్‌లో, అంటే పైభాగానికి, కింది అడుగుకు నడుమ ఉండే మెత్తని పొరలో, ఉండేది పీయూ నురుగు, అంటే పాలీయురెథేన్. బూట్లలో వాడే పీయూ ఎక్కువగా పాలిస్టర్ రకం. దాని గొలుసుల్లో ఎస్టర్ బంధాలు ఉంటాయి. గాలిలోని తేమ నురుగులోకి చేరి ఆ బంధాలను ఒక్కొక్కటిగా తెంపుతుంది. తెగిన చోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం పక్క బంధాలు తెగడాన్ని ఇంకా తొందర చేస్తుంది. అందుకే ఎనిమిదేళ్లు ఏమీ కానట్టు ఉండి, తొమ్మిదో ఏడు ఒక్కసారిగా బిస్కెట్టు లాగా పొడి అవుతుంది. దీనికి జలవిశ్లేషణ అని పేరు. దీనికి కావలసినవి రెండే: తేమ, వేడి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క.

ఇప్పుడు మన ఎండకాలం చూడండి. బయట గాలి 43 డిగ్రీలున్నా పొడిగా ఉంటుంది. ఆ పొడితనమే సోల్‌కు రక్ష. మనం కూలర్ పెట్టి ఆ గాలిని తడి గడ్డి గుండా లాగి గదిలోకి పంపుతాం. ఒంటికి చల్లగానే ఉంటుంది. సోల్‌కు మాత్రం 32, 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ, రోజుకు పదేసి గంటలు, మూడు నెలలు. వానకాలంలో తేమ ఉన్నా వేడి కొంత తగ్గుతుంది. కూలర్ గదిలో రెండూ కలిసి కూర్చుంటాయి.

ఏ జత దేనితో చేసిందో ముందు కాగితం మీద రాసుకోండి. జోర్డాన్ 11 మిడ్‌సోల్ ఫైలాన్, అంటే అచ్చులో ఒత్తిన ఈవీఏ అనే ఇంకో రకం నురుగు. అది పొడి కాదు, ఏళ్లు గడిస్తే గట్టిపడి కొంచెం కుంచించుకుపోతుంది. ఏసిక్స్ గెల్ లైట్ 3 కూడా ఈవీఏనే. న్యూ బ్యాలెన్స్‌లో ఎన్‌క్యాప్ అని రాసి ఉంటే లోపల ఈవీఏ, చుట్టూ పీయూ అంచు, ఆ అంచు పోతుంది. అడిడాస్ బూస్ట్ సోల్‌లోని గింజలు టీపీయూ అనే ప్లాస్టిక్, తేమకు చాలా నయం, కాని పసుపెక్కుతుంది.

గద్వాల_గమ్‌సోల్
రబ్బరు కప్పు సోల్ (గిన్నె లెక్క అచ్చు పోసిన రబ్బరు అడుగు) ఉన్నవి ఈ లెక్కల రావు. డంక్, ఎయిర్ ఫోర్స్ 1, అడిడాస్ సూపర్‌స్టార్, స్టాన్ స్మిత్, ప్యూమా స్వెడ్. 1980ల జతలు సుత కప్పు చెడకుండ ఉన్నయి. లోపల మడమ కింద నురుగు ముక్క ఉంటే అది చితికినా బయటి కప్పు నిలబడ్తది. 14 జతలల్ల ఇవి ఎన్నో తీసెయ్, భయం సగానికి తగ్గుతది.

గడియారం_సెంటర్_09
లెక్క వేసిన. పీయూవి 5: జోర్డాన్ 4 రెండు, 3 ఒకటి, ఎయిర్ మాక్స్ 1 ఒకటి, న్యూ బ్యాలెన్స్ 990 ఒకటి. రబ్బరు కప్పువి 6. మిగతా మూడు ఈవీఏ, బూస్ట్.

పాలమూరు_సోల్స్
మంచిగైంది. ఆ ఐదింటికి కూలర్ లేని గది చూడు. దేవుడి గదైనా సరే, అగర్‌బత్తి పొగ తగలకుండ. మిగతా తొమ్మిది ఎక్కడున్నా ఒక తీరుగ బతుకుతయి.

కోదాడ_కిక్స్
ఇంత రాసే బదులు ఒక్క మాట: ష్రింక్ కవర్ చుట్టి హెయిర్ డ్రయ్యర్ కొట్టు, గాలి బయటికి, తేమ బయటికి. అమ్మేటోళ్లు అందరు గట్లనే దాస్తరు.

పీయూ_పరీక్ష
@కోదాడ_కిక్స్ ఒప్పుకోను. ష్రింక్ కవర్ గాలిని బయట పెడుతుంది, లోపల ఇదివరకే ఉన్న తేమను మాత్రం లోపలే బంధిస్తుంది. తోలు, లోపలి గుడ్డ, నురుగు, అట్ట ఇన్‌సోల్ అన్నీ తేమను పట్టుకొని ఉంటాయి. వానకాలంలో చుట్టిన జత ఏడాదంతా వానకాలంలోనే ఉన్నట్టు. పైగా నురుగు పాతబడేటప్పుడు వచ్చే ఆమ్లపు ఆవిరి కూడా బయటకు పోదు. హెయిర్ డ్రయ్యర్ వేడికి అంచు జిగురు మెత్తబడే భయం వేరే. తప్పదంటే డిసెంబరు, జనవరిలో, బూట్లు రెండు రోజులు ఫ్యాను కింద ఆరిన తర్వాత, లోపల సిలికా పెట్టి చుట్టాలి.

కోదాడ_కిక్స్
చలికాలంల చుట్టాలె అన్న మాట ఒప్పుకుంట. కాని పసుపెక్కేది ఆపడానికి గాలి తగలకుండ ఉంచుడే మందు. 11 కింది అడుగుకు ఇది పనికొస్తది.

సాగర్_గేటు26
సిలికా లెక్క నేను చెప్త.

మామూలు బూటు డబ్బా 35 x 25 x 13 సెంటీమీటర్లు, అంటే సుమారు 11 లీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి నిండ పడితే 30 గ్రాముల నీళ్లు మోస్తది. 11 లీటర్లకు గ్రాములో మూడో వంతు. గాలి కోసం అయితే 2 గ్రాముల పొట్లం చాలు. అసలు తేమ ఉన్నది తోలుల, అట్టల, నురుగుల. దాని కోసం గట్టి మూత, గాలి పోకుండ మూత చుట్టు రబ్బరు వారు ఉన్న డబ్బాకు 10 గ్రాములు. రబ్బరు వారు లేని మామూలు డబ్బాల 10 వేసినా 50 వేసినా నాలుగైదు రోజులల్ల నిండిపోతది, ఎందుకంటే కొత్త తేమ వస్తనే ఉంటది. అట్ట డబ్బాకైతే ఇంకా జల్ది. నీ డబ్బాల పాత పొట్లం ఎప్పుడో చచ్చింది, అది ఉన్నా లేకున్నా ఒకటే.

అట్లని గట్టి డబ్బాల 50 గ్రాములు కుమ్మరియ్యొద్దు. తేమ 30 కిందికి పోతది, తోలు బిగుసుకపోయి మడత కాడ పగుల్తది, జిగురు పెళుసైతది. మనకు కావాల్సింది 40 నుంచి 50 శాతం.

సిలికా ఎక్కడ అంటే: కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చే డబ్బాల, అంటే బ్రీదర్‌ల పోసేది ఇదే. మోటరు వైండింగ్ సామాన్లు అమ్మే ఎలక్ట్రికల్ షాపుల కిలో ప్యాకెట్ దొరుకుతది. నీలం రంగుది తేమ తాగితే గులాబీ అయితది, నారింజ రంగుది ఆకుపచ్చ అయితది. నీలం దాంట్ల కోబాల్టు ఉంటది, అది విషం. పిల్లలున్న ఇంట్ల నారింజదే తీసుకో. గుడ్డ సంచి కుట్టి పొయ్యాలె, గింజల దుమ్ము బూటుకు తగలొద్దు. పాత బ్రీదర్‌ల నుంచి తీసినవి ఊరికె ఇచ్చినా తీసుకోకు, నూనె పట్టి ఉంటయి.

దేవరకొండ_డంక్
గులాబీ అయినంక పారెయ్యాల్నా?

సాగర్_గేటు26
@దేవరకొండ_డంక్ అవసరం లేదు. ఓవెన్‌ల 120 డిగ్రీల కాడ రెండు గంటలు, పలచగ పరిచి. ఓవెన్ లేకుంటే పాత ఇనుప పెనం, సన్న మంట, కలుపుకుంట అరగంట, రంగు తిరిగేదాక. వంటకు వాడే గిన్నెలు, ఓవెన్ ముట్టొద్దు, కిటికీ తెరిచి ఉంచాలె. పెద్ద మంట పెడితే లోపలి నీళ్లు ఆవిరై గింజలు చిట్లుతయి, 150 దాటితే రంగు తిరిగే గుణం పోతది. చల్లారేది సుత మూత బిగించిన సీసాలనే. గాలిల ఉంచితే మళ్ల తాగుడు మొదలు పెడ్తది.

గడియారం_సెంటర్_09
తేమ మీటరు ఒకటి కొన్న. కాని అది నిజం చెప్తుందని ఎట్ల తెలుస్తది?

పీయూ_పరీక్ష
వంటింటి ఉప్పుతో పరీక్ష చేయండి. సీసా మూతలో సగం ఉప్పు పోసి, తడి ఇసుక లాగా అయ్యేంత వరకే నీటి చుక్కలు వేయండి. ఉప్పు కరిగి నీళ్లు తేలితే ఎక్కువైనట్టు. ఆ మూతను, మీటరును ఒకదానికొకటి తగలకుండా జిప్ కవర్లో పెట్టి మూసి 10 గంటలు వదలండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే ఎప్పుడూ 5 కలుపుకోవాలి. చవక మీటర్లలో ఆ మాత్రం తేడా మామూలే.

గడియారం_సెంటర్_09
ఉప్పు పరీక్షల 72 చూపించింది, అంటే 3 కలపాలె. కలిపిన లెక్కలు ఇవి. కూలర్ నడుస్తుంటే గది మధ్యల: 32 డిగ్రీలు, 78 శాతం. సజ్జ మీద మూసిన డబ్బాల: 36 డిగ్రీలు, 66 శాతం. కూలర్ లేని పక్క గదిల బీరువా లోపల: 35 డిగ్రీలు, 38 శాతం.

పాలమూరు_సోల్స్
చూసినవా, ఒకే ఇల్లు, నడుమ ఒక్క గోడ. బీరువా కింది అరల ఆ ఐదు పెట్టు. ఇనుప బీరువా అయితే గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉండాలె. బాత్‌రూము గోడకైతే అసలే ఆనించొద్దు.

నేరేడు_నూబక్
స్వెడ్ మీది తెల్ల పొడి గురించి ఎవరూ మాట్లాడలేదు. అది బూజు అని ముందే తేల్చుకోవద్దు. మూడు రకాలు ఉంటాయి.

ఒకటి, నిజం బూజు. చుక్కలు చుక్కలుగా, నూగు లాగా ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే తడి గోనె వాసన. రెండు, తోలులోని కొవ్వు పైకి తేలడం. లేదా రబ్బరు అంచు మీదైతే రబ్బరులో కలిపే మైనం తేలడం. ఇది ఒకే తీరుగా, పలచగా పరుచుకుంటుంది, వాసన ఉండదు. మూడు, బోరు నీళ్లతో తుడిచినప్పుడు ఆరిన తర్వాత మిగిలిన ఉప్పు గీత. ఇది తడి ఎక్కడిదాకా పాకిందో అక్కడ అంచు కట్టినట్టు ఉంటుంది.

తేల్చేది హెయిర్ డ్రయ్యర్. జానెడు దూరం నుంచి సన్న వేడి అర నిమిషం. కొవ్వు, మైనం అయితే కండ్ల ముందే కరిగి మాయం. బూజైనా ఉప్పైనా అలాగే ఉంటుంది.

గడియారం_సెంటర్_09
అక్కా, చూసిన. రబ్బరు అంచు మీదిది మాయమైంది. కాని ముక్కు కాడ, నాలుక కింద చుక్కలు పోలేదు. వాసన ఉంది.

నేరేడు_నూబక్
అంచుది వదిలేయండి, అది రబ్బరుకు మేలే చేస్తుంది. చుక్కలు బూజే. ఇలా చేయండి.

ఇంట్లో కాదు, మేడ మీదకు తీసుకుపోండి, ముక్కుకు మాస్కు. లేసులు, ఇన్‌సోల్ తీసి పక్కన పెట్టండి. పొడి మెత్తని బ్రష్‌తో ఒకే దిక్కుకు దులపండి. తడి చేసి రుద్దితే బూజు నూగులోకి ఇంకుతుంది. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెడికల్ షాపులో నీళ్లలాగా ఉండేది అడగండి. చేతులకు రాసుకునే జెల్ వద్దు, దాంట్లో గ్లిజరిన్ ఉంటుంది, మరక పడుతుంది. తెల్ల గుడ్డను దాంతో తడిపి పిండి, ముందు నాలుక లోపలి వైపు అద్దండి. గుడ్డకు నలుపు అంటితే ఆగండి, రంగు దిగుతోంది. అంటకపోతే చుక్కల మీద అద్దండి, రుద్దవద్దు. లోపలి గుడ్డకు కూడా. నీడలో ఫ్యాను కింద 24 గంటలు. ఇన్‌సోల్‌కు బూజు పట్టి ఉంటే కొత్తది వేయండి, కడిగినా బూజు గింజ మిగులుతుంది. డబ్బాను సబ్బుతో కడిగి, ఆరబెట్టి, అదే ఆల్కహాల్‌తో తుడవండి. చాలామంది బూటును బాగు చేసి మళ్లీ అదే డబ్బాలో పెడతారు. పదిహేను రోజుల్లో చుక్కలు తిరిగొస్తాయి.

దేవరకొండ_డంక్
నీళ్ల సంగతి జర చెప్పక్కా, మా దిక్కు బోరు నీళ్లు బకెట్టుకే తెల్లగ పొర కడ్తయి.

నేరేడు_నూబక్
నల్ల స్వెడ్, ముదురు నూబక్ (పైన రుద్ది సన్న నూగు తెచ్చిన తోలు), అల్లిక బూట్లకు బోరు నీళ్లు ముట్టించకండి. ఆర్వో నీళ్లు పావు లీటరు, దాంట్లో పిల్లల షాంపూ అర చెంచా, అంతకు మించి అక్కరలేదు. బ్రష్ వెంట్రుకల కొసలే ముంచాలి. మొదట పైభాగం మెత్తని బ్రష్‌తో, తర్వాత మిడ్‌సోల్ కొంచెం గట్టి బ్రష్‌తో, చివరికి అడుగు. అడుగు రుద్దిన బ్రష్‌ను మళ్లీ పైకి తేవద్దు, మన ఎర్రమట్టి ఒకసారి తెల్ల అల్లికలోకి దిగితే రాదు. ప్రతి నాలుగు రుద్దులకు ఒకసారి ఆర్వో నీళ్లతో తడిపిన గుడ్డతో తుడవాలి, సబ్బు లోపల ఆరిపోతే అదే పసుపు మరక. బట్టల సర్ఫు, బ్లీచింగు, వంట సోడా వద్దు. బ్లీచింగుతో తెల్లవి పసుపవుతాయి, సోడా తోలును ఎండగొడుతుంది.

కడిగిన బూటు పైకి ఆరినట్టే ఉంటుంది. ముక్కు లోపలికి వేలు పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. అది డబ్బాలోకి పోకూడదు.

గద్వాల_గమ్‌సోల్
లోపల కూరేది తెల్ల కాగితం ఉండాలె. పేపర్ల సిరా తెల్ల గుడ్డకు ఎక్కుతది. ఎడమ, కుడి బూటు నడుమ సుత ఒక కాగితం పెట్టు, మరీ 11 అసొంటి పేటెంట్ తోలుకు, అంటే అద్దం లెక్క మెరిసే తోలుకు. ఎండకాలం రెండు పేటెంట్ మొకాలు ఒకదానికొకటి అతుక్కుంటయి, విడదీస్తే మెరుపు పొర లేస్తది. మెత్తటి పీవీసీ కవర్లల్ల పెట్టొద్దు, వాటిల నూనె బూటుకు అంటి జిగట అయితది. డబ్బా కొంటే కింద పీపీ (పాలీప్రొపిలీన్) అని ఉందా చూసి కొను.

కోదాడ_కిక్స్
నాఫ్తలీన్ గోళీలు వేస్తే పురుగు, బూజు రెండూ రావు కదా?

గద్వాల_గమ్‌సోల్
@కోదాడ_కిక్స్ వద్దన్న. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తగ చేస్తది, వాసన నురుగుల పట్టి ఏండ్లు పోదు. కర్పూరం సుత అంతే. పురుగుకు మందు శుభ్రం. బొద్దింకలు తినేది అట్ట డబ్బా జిగురును. బూట్లతోని వచ్చిన అట్ట డబ్బాలు మడిచి, చదును చేసి, కవర్ల పెట్టి వేరే దాచు. సైజు చీటీ ఉన్న దిక్కు పైకి ఉండాలె, అమ్మేటప్పుడు ఆ చీటీకే ధర. నేల మీద పెట్టకు, చెదలు నేల నుంచే ఎక్కుతయి. జానెడు ఎత్తు బల్ల, గోడకు ఎడం.

పాలమూరు_సోల్స్
ఇంకోటి. మెట్ల కింద బూట్ల స్టాండు, దాని పక్కనే ఇన్వర్టర్ బ్యాటరీ, ఇది ప్రతి ఇంట్ల ఉన్న కతే. బ్యాటరీ చార్జయ్యేటప్పుడు ఆమ్లపు ఆవిరి కొంత వస్తది. దాచుకునే జత అక్కడ ఉండొద్దు. లేసు కన్నాల ఇత్తడి రింగులు మొట్టమొదట నల్లబడ్తయి, అదే గుర్తు.

కోదాడ_కిక్స్
11 పసుపు అడుగుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీము రాసి ఎండల పెట్టుడే. మన ఎండకు గంటల తెల్లగైతది.

మిర్యాలగూడ_మిడ్‌సోల్
@కోదాడ_కిక్స్ మందు సరైందే, ఎండ తప్పు. మన మే ఎండల ఆ క్రీము పది నిమిషాలల్ల ఎండిపోతది, ఎండిన కాడ తెల్ల చారలు పడ్తయి, అవి మళ్ల పోవు. పైగా నేల మీద పెడితే అడుగు జిగురు మెత్తబడి అంచు విడుస్తది.

పద్ధతి ఇది. పార్లర్ సామాన్లు అమ్మే కాడ 40 వాల్యూమ్ డెవలపర్ క్రీము, అంటే 12 శాతం పెరాక్సైడ్. రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి, ఒంటి మీద పడితే తెల్లగ కాలుతది. అడుగును సబ్బు నీళ్లతోని కడిగి ఆరబెట్టు. పైభాగం, కార్బన్ పలక కనపడే భాగం మాస్కింగ్ టేపుతోని అంచు వరకు మూసెయ్. క్రీము పెయింటు బ్రష్‌తోని ఒకే మందంల రాసి, వంటింటి క్లింగ్ కవరు గాలి బుడగ లేకుండ చుట్టు. బుడగ ఉన్న కాడ మచ్చ పడ్తది. పొద్దున 7 నుంచి 9 లోపు ఎండ, అడుగు ఆకాశానికి పెట్టి. ప్రతి 40 నిమిషాలకు కవరు తీసి, తుడిచి, కొత్త క్రీము. మూడు సార్లు చాలు. ఇంకా పసుపు ఉంటే ఇంకో రోజు చెయ్, ఒకే రోజు అంతా లాగొద్దు.

ఎండ మీద నమ్మకం లేకుంటే అట్ట పెట్టె లోపల వెండి కాగితం అంటించి, యూవీ ఎల్ఈడీ పట్టీ పెట్టుకో. నిదానం, రాత్రంత పడ్తది, కాని వేడి రాదు, చార పడదు. ఆ లైటు దిక్కు కండ్లు పెట్టి చూడొద్దు.

తెల్లగైంది మళ్ల తిరుగుతది, అది సుత తెలుసుకో. పసుపు రాకుండ ఆపేది చీకటి, చల్లదనం. మూత పారదర్శకంగ ఉన్న డబ్బా కిటికీ ఎదురుంగ పెడితే ఏం చేసినా దండగే.

గడియారం_సెంటర్_09
11 సంగతి అర్థమైంది, చలికాలం చేస్త. 4 గురించి చెప్పన్నా. పగులు రంగుదా, నురుగుదా?

మిర్యాలగూడ_మిడ్‌సోల్
4 మిడ్‌సోల్ మీద రంగు పొర ఉంటది. రంగొక్కటే పగిలితే భయం లేదు. పండ్లు కుట్టే పుల్ల తీసుకో. పగులు ఉన్న కాడ మొన ఆనించి, బొటనవేలితో మెల్లగ ఒత్తు. నురుగు లోపలికి పోయి వెంటనే తిరిగొస్తే, పుల్లకు రంగు పొర తప్ప ఏం అంటకపోతే, అది రంగు పగులు. మొన వెన్నలకు దిగినట్టు దిగితే, బయటికి తీస్తే పసుపు పొడి గానీ జిగట గానీ అంటితే, నురుగు పోయింది. బూటును మధ్యకు వంచి చూడొద్దు, పోయేదాన్ని నీ చేతులతోనే విరిచినట్టయితది.

గడియారం_సెంటర్_09
ఎడమది: పుల్లకు ఏం అంటలే, నురుగు తిరిగి లేచింది. కుడిది: మొన దిగింది, తేనె రంగు పొడి అంటింది, కొంచెం జిగటగ ఉంది.

మిర్యాలగూడ_మిడ్‌సోల్
కుడిది అయిపోయింది. ఎడమది ఇంకెన్నో దినాలు ఉండదు, రెండు ఒకే వయసువి. తొడగకు, నడవకు. దాచి పెట్టాలంటే పైభాగం కాపాడు: పైభాగం నూబక్, అది ఇంకో ఇరవై ఏండ్లు ఉంటది. సోల్ మార్చొచ్చు.

మార్చేది ఇట్ల. అదే మోడలు, అదే సైజు, కొత్త రిట్రో, పైభాగం పాడై చవకగ దొరికేది చూసుకోవాలె. అసిటోన్ సిరంజితోని అంచు గీతల చుక్క చుక్క వెయ్యాలె, నూబక్‌కు తగిలితే రంగు దిగుతది, ప్లాస్టిక్ రెక్కలకు తగిలితే మసక అయితది. పది నిమిషాలకు జిగురు మెత్తబడి మడమ కాడ విడుస్తది, అక్కడి నుంచి ముక్కుకు రావాలె. ముక్కు కాడ కుట్టు ఉంటే ముందు దారం తెంపు, గుంజొద్దు. పాత నురుగు పొడి మొత్తం గీకాలె, కొంచెం మిగిలినా కొత్త జిగురు ఆ పొడికి అతుకుతది గానీ బూటుకు కాదు. 120 నంబరు ఇసుక కాగితంతోని సన్నగ గరుకు చెయ్, ప్రైమర్ పుయ్, ఆరినంక పీయూ జిగురు రెండు దిక్కులా పలచగ రెండు పూతలు. పూత పూతకు 15 నిమిషాలు. వేలుకు అంటకుండ జిగటగ తగిలినప్పుడు, డ్రయ్యర్‌తోని వెచ్చ చేసి, ముక్కు, మడమ, నడుమ వరుసల ఒత్తు. ఒకసారి ఆనితే జరపనియ్యదు. సైకిల్ ట్యూబు పట్టీలు కోసి బిగించి 24 గంటలు.

కోదాడ_కిక్స్
ఫెవిక్విక్ అసొంటిది వేస్తే ఇంత కష్టం ఉండదు గద.

మిర్యాలగూడ_మిడ్‌సోల్
@కోదాడ_కిక్స్ అది గాజు లెక్క గట్టిపడ్తది. నడిస్తే సోల్ వంగుతది, జిగురు వంగదు, మొదటి వారంలనే టక్కున లేస్తది. లేసేటప్పుడు తోలు పొరను సుత లాక్కపోతది. మోచీ దగ్గర ఇచ్చినా ముందే చెప్పండి, ఆ గమ్ము వద్దని, మేకు వద్దని.

దేవరకొండ_డంక్
తొడుక్కుంటే సోల్ బతుకుతదని ఒక మాట ఉంది, తొడగకుంటే బతుకుతదని ఒక మాట. ఏది?

పాలమూరు_సోల్స్
తొడగాలె. డబ్బాలనే ఏండ్లు ఉన్నయే ముందు పోతున్నయి. నెలకోసారి ఇంట్ల టైల్స్ మీద 20 నిమిషాలు నడువు. నురుగు నొక్కుకొని లేచినప్పుడల్ల లోపలి గాలి మారుతది.

పీయూ_పరీక్ష
నెలకు 20 నిమిషాలతో నష్టం లేదు, ఒప్పుకుంటాను. కాని దాన్ని మందు అనుకోవద్దు. తెగిన బంధాన్ని నడక అతికించదు. మంచి గుణం వేరే ఉంది: తొడిగేవాడు నెలకోసారి బూటును చేతిలోకి తీసుకుంటాడు, జిగటను, వాసనను, అంచు లేవడాన్ని మొదటి రోజే చూస్తాడు. 10 ఏళ్లు దాటిన పీయూను మాత్రం పుల్ల పరీక్ష కాకుండా తొడగకండి.

పాలమూరు_సోల్స్
పరీక్షకు నేను అడ్డం కాను. కాని నడక వల్ల లాభం ఉందన్న మాట మీదనే ఉంట.

గడియారం_సెంటర్_09
ఐదు జతలు బీరువాలకు మారినయి. వానకాలం మొదలైతే బీరువా సుత 65 దాటుతదేమో. డబ్బాకు కన్నాలు పెట్టాల్నా, మూత బిగించాల్నా?

సాగర్_గేటు26
కన్నాలు, సిలికా రెండు ఒక్క దగ్గర కుదరవు, ఏదో ఒకటే. పీయూ ఐదింటికి: మృగశిర చినుకులు పడకముందే, బయట గాలి పొడిగ ఉన్న మధ్యాహ్నం, కూలర్ ఆపి, కిటికీలు తీసి, ఫ్యాను కింద ఒక పూట ఆరనిచ్చి, రబ్బరు వారు మూత డబ్బాల 10 గ్రాములతోని మూసెయ్. రంగు కనపడేటట్టు సంచి డబ్బా గోడకు ఆనించు. నెలకోసారి బయటి నుంచే చూడు, రంగు మారితేనే తెరువు. తెరిచేది సుత వాన లేని మధ్యాహ్నమే. కార్తీకం దాటినంక మూతలు వదులు చెయ్.

రబ్బరు కప్పు ఆరింటికి మామూలు డబ్బా, వెనక దిక్కు 6 మిల్లీమీటర్ల కన్నాలు రెండు. అంతే.

గడియారం_సెంటర్_09
990కి సుత పుల్ల పరీక్ష చేసిన. అంచు మంచిగనే ఉంది. కాని మడమ కాడ వేలు పెట్టి తీస్తే కొంచెం పట్టినట్టు అనిపిస్తుంది. పొడి లేదు.

మిర్యాలగూడ_మిడ్‌సోల్
తడి గుడ్డతోని తుడిచి, ఆరినంక రెండు రోజులకు మళ్ల వేలు పెట్టు. పట్టుడు పోతే అది పైన ఉన్న మురికి. మళ్ల పడితే లోపలి నుంచి వస్తుంది, దాన్ని మూసిన డబ్బాల పెట్టకు, మిగతా నాలుగింటి పక్కన సుత పెట్టకు. ఇప్పుడు తొడుక్కొని నడిచే జతల లెక్కలకు తెచ్చుకో, ఉన్నన్ని రోజులు వాడుకో.

గడియారం_సెంటర్_09
ఎల్లుండి చూసి ఇక్కడనే రాస్త.